నల్లులున్నాయని చెప్పడానికి సిగ్గెందుకు?

"మీ ఇంట్లో దోమలున్నాయా?" అని తరగతిలో అడిగితే అందరూ చేతులెత్తుతారు. "బొద్దింకలున్నాయా?" అంటే సగంమంది ఎత్తుతారు. "నల్లులున్నాయా?" అని అడిగి చూడండి. ఒక్క చెయ్యి కూడా లేవదు. ప్రతివాడూ పక్కవాడి వైపు చూస్తాడు.

నల్లి వల్ల మనకు కలిగే కష్టంలో సగం దాని కాటు వల్ల కాదు, ఈ సిగ్గు వల్ల కలుగుతున్నదని నా అభిప్రాయం. ఎందుకలా అంటున్నానో చెప్పేముందు నా చదువుకునే రోజుల్లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి.

నేను తొమ్మిదో తరగతి హాస్టల్లో ఉండి చదివాను. మా గదిలో పన్నెండు నవారు మంచాలు. దసరా సెలవులయ్యాక ఒక కొత్త అబ్బాయి వచ్చి చేరాడు. ఒక రేకు పెట్టె, ఒక పాత బొంత, ఇవే అతని సామాను. అతను వచ్చిన వారం రోజులకు మా చేతుల మీదా మెడల మీదా ఎర్రటి దద్దుర్లు లేచాయి. ఒకడు తన దిండు కింద నల్లిని పట్టుకున్నాడు. "ఇవన్నీ ఆ బొంతలోంచే వచ్చాయి" అన్నాడు మరొకడు. అంతే! బొంత విప్పి చూసినవాడు లేడు. దాన్ని తీసుకెళ్లి వరండాలో పడేశాం. ఆ అబ్బాయి ఏమీ అనకుండా తన బొంత వెంటే వెళ్లాడు. ఆ రాత్రి నుంచి అక్కడే పడుకున్నాడు. బొంతకు చెయ్యి వేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

నాలుగో రోజున మా సైన్సు మాస్టారికి ఈ సంగతి తెలిసింది. ఆయన ఎవరినీ తిట్టలేదు. "మంచాలన్నీ బయటికి మోయండ్రా" అన్నారు. ఒక టార్చిలైటు, ఒక భూతద్దం, ఒక గుండుసూది తెచ్చుకున్నారు. ముందుగా ఆ బొంతనే కుట్టు కుట్టూ వెతికారు. ఏమీ దొరకలేదు. తరువాత మంచాలు మొదలుపెట్టారు. గోడవారనున్న నా మంచం వంతు వచ్చింది. కోడులోకి పట్టె దూరే చోట ఉన్న సందులో ఆయన గుండుసూది పెట్టి లాగితే నల్లటి మచ్చలు, తెల్లటి గుడ్ల పెంకులు, చిన్నవీ పెద్దవీ కుబుసాలు, వాటి మధ్య కదులుతున్న నల్లులు బయటపడ్డాయి.

"ఈ కాపురం వారం రోజులది కాదురా," అన్నారు మాస్టారు. "గుడ్డులోంచి వచ్చిన పిల్ల పెద్ద నల్లి కావడానికి నెలకు పైనే పడుతుంది. ఇక్కడ చూడండి, అన్ని వయసుల కుబుసాలూ ఉన్నాయి. మరి ఆ అబ్బాయి ఈ గదిలో అడుగుపెట్టి ఎన్నాళ్లయింది?"

ఎవరమూ మాట్లాడలేదు. దసరా సెలవుల్లో మేమంతా ఇళ్లకు పోతే మా మంచాల్లోని నల్లులు పస్తులున్నాయి. మేము తిరిగి రాగానే ఒక్కసారిగా విందుకు బయలుదేరాయి. అంతకుముందు కుట్టినప్పుడు దోమలనుకుని ఊరుకున్నాం. అసలు సంగతి అదీ. ఆ సాయంత్రం ఆ అబ్బాయి తన బొంత తానే మోసుకుని లోపలికి వచ్చాడు. నేను అతనికి క్షమాపణ చెప్పలేదు. చెప్పవలసిందని ఇప్పటికీ అనుకుంటూనే ఉంటాను.

నల్లిని ఎలా గుర్తుపట్టాలి?

మా మాస్టారు ఆ రోజు చేసిన పని ఎవరైనా చేయవచ్చు. కావలసింది కళ్లు, ఓపిక.

పెద్ద నల్లి సుమారు 5 నుంచి 7 మిల్లీమీటర్ల పొడవుంటుంది. అంటే మైసూరు పప్పు గింజంత. రంగు ఎరుపు కలిసిన గోధుమరంగు. కాళ్లు ఆరు. రెక్కలుండవు, రెక్కలుండవలసిన చోట చిన్న పొలుసులు మాత్రం ఉంటాయి. అందుచేత అది ఎగరలేదు. గెంతలేదు కూడా. నడిచి వస్తుంది, నడిచి పోతుంది. ఆకలితో ఉన్నప్పుడు కాగితంలా పలచగా ఉంటుంది. అందుకే పోస్టుకార్డు దూరగల సందులో కూడా దూరి దాక్కుంటుంది. కడుపునిండా రక్తం తాగాక ఉబ్బి, పొడవై, ముదురు ఎరుపుకు తిరుగుతుంది.

ఆడనల్లి రోజుకు కొన్ని చొప్పున, తన జీవితకాలంలో వందలకొద్దీ గుడ్లు పెడుతుంది. గుడ్డు సుమారు ఒక మిల్లీమీటరు పొడవుంటుంది. జిగురుతో సందుల్లో అతుక్కుని ఉంటుంది. వారం పది రోజుల్లో పిల్ల బయటికి వస్తుంది. అది ఒకటిన్నర మిల్లీమీటర్లకు మించదు, దాదాపు రంగు ఉండదు. అందుకే కంటికి ఆనదు. ఆ పిల్ల పెద్దది కావడానికి ఐదుసార్లు కుబుసం విడవాలి. విడిచే ప్రతిసారీ ముందుగా ఒక్కసారైనా రక్తం తాగి తీరాలి. నల్లి జీవితంలో ఈ లెక్క చాలా ముఖ్యం. మా మాస్టారు తీర్పు చెప్పింది ఈ లెక్కతోనే.

మీ ఇంట్లో వెతికేటప్పుడు నాలుగు గుర్తులు చూడండి. ఒకటి, బతికున్న నల్లులు. రెండు, అవి విడిచిన పలచటి కుబుసాలు. మూడు, సిరాచుక్కల్లాంటి నల్లటి మచ్చలు. ఇవి అరిగిన రక్తంతో కూడిన నల్లి మలం. తడిగుడ్డతో రుద్దితే తుప్పురంగులో అలుముకుంటాయి. నాలుగు, గుడ్లు, గుడ్ల పెంకులు. పరుపు కుట్లు, దిండు మూలలు, మంచం పట్టెలు, నవారు మడతలు, గోడ పగుళ్లు, పటాల వెనుక భాగం, కుర్చీ సందులు చూడాలి. తల పెట్టుకునే వైపు నుంచి మొదలుపెట్టండి.

ఒళ్లు మీది దద్దుర్లను మాత్రం రుజువుగా తీసుకోకండి. నల్లి కుట్టేటప్పుడు రక్తం గడ్డకట్టకుండా చేసే లాలాజలాన్ని మన చర్మంలోకి వదులుతుంది. మన శరీరం ఆ లాలాజలానికి ఎదురుతిరగడం వల్ల దద్దురు లేస్తుంది. ఈ ఎదురుతిరగడం అందరిలో ఒకేలా ఉండదు. ఒకే మంచం మీద పడుకున్న అన్నదమ్ముల్లో ఒకడికి ఒళ్లంతా దద్దుర్లు లేస్తే, రెండోవాడికి మచ్చయినా కనిపించకపోవచ్చు. కొందరికి కుట్టిన చాలా రోజులకు గాని దురద పుట్టదు. పైగా దోమకాటు దద్దురు కూడా ఇలాగే ఉంటుంది. అనుభవజ్ఞుడైన డాక్టరు సైతం దద్దురు ఒక్కటే చూసి ఇది ఫలానా పురుగు కాటేనని ఖాయంగా చెప్పలేడు. పురుగు దొరకాలి.

దొరికిన పురుగును కూడా సరిగా చూడాలి. పిల్ల బొద్దింక చురుగ్గా పరుగెత్తుతుంది, దాని మీసాలు పొడవు. పేను జుట్టు వదిలి పరుపులో కాపురం పెట్టదు. పశువులనూ కుక్కలనూ పట్టే గోమారికి పెద్దయ్యాక ఎనిమిది కాళ్లుంటాయి, అది కీటకమే కాదు. పురుగును సెల్లోటేపుకు అంటించి భూతద్దం కింద పెట్టి కాళ్లు లెక్కపెట్టండి. సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

నల్లి మీద పడిన ఒక నింద

రుజువు లేకుండా ఆ అబ్బాయి మీద నింద వేశాం అన్నాను. నల్లి మీద కూడా ఒకప్పుడు మన దేశంలో అలాంటి నిందే పడింది.

కాలా అజార్ అనే ప్రాణాంతకమైన జ్వరం మీరు వినే ఉంటారు. దానికి కారణం రక్తంలో చేరే ఒక పరాన్నజీవి. దాన్ని మనిషి నుంచి మనిషికి మోసుకుపోతున్నదెవరు అనే ప్రశ్న 20వ శతాబ్దం మొదట్లో శాస్త్రజ్ఞులను వేధించింది. మద్రాసులో పనిచేస్తున్న ప్యాటన్ అనే శాస్త్రజ్ఞుడు 1907లో నల్లి కడుపులో ఆ పరాన్నజీవి పెరగడం చూశాడు. నల్లి మనిషి రక్తం తాగుతుంది, పేదల గుడిసెల్లో నిండి ఉంటుంది, దాని కడుపులో రోగకారకం పెరుగుతున్నది. ఇంకేం కావాలి? దొంగ దొరికాడని చాలామంది అనుకున్నారు.

కాని కడుపులో పెరగడం వేరు, కాటు ద్వారా మరొకరికి అంటించడం వేరు. అంటించినట్టు రుజువు ఎంత వెతికినా దొరకలేదు. పైగా నల్లి దేశమంతటా ఉంది, ఆ జ్వరం మాత్రం కొన్ని ప్రాంతాల్లోనే ఉంది. 1920ల్లో చూపు ఇసుక ఈగ అనే చిన్న ఈగ వైపు మళ్లింది. ఆ జ్వరం ఉన్న చోట్లన్నీ ఆ ఈగ కనిపించింది. చివరకు 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మనుషులకు ఇసుక ఈగల కాటు ద్వారానే కాలా అజార్ వస్తుందని ప్రయోగం చేసి చూపారు. నల్లి నిర్దోషి అని తేలడానికి 35 సంవత్సరాలు పట్టింది.

నేటికీ నల్లి కాటు వల్ల మనుషుల్లో ఫలానా రోగం వ్యాపిస్తున్నదని రుజువు కాలేదు. అలాగని నల్లి మంచిదని కాదు. నిద్ర చెడగొడుతుంది. గోకిన చోట పుండు పడుతుంది. చాలాకాలం చాలా నల్లులు కుడితే పసిపిల్లలకు రక్తహీనత కూడా రావచ్చు. కాని మలేరియానూ డెంగీనీ మోసుకొచ్చే దోమను చూసి నవ్వుతూ చెయ్యి ఊపి, ఏ రోగమూ తేని నల్లిని చూసి ఇంటి పరువు పోయిందని దాచుకోవడం విచిత్రం కాదా?

మురికి ఇళ్లలోనే ఉంటాయా?

"నల్లులున్నాయంటే ఇల్లు శుభ్రంగా లేనట్టే కదా!" అని పెద్దలు అంటారు. ఇందులో కొంత నిజముంది, ఎక్కువ పొరపాటుంది.

ఈగ చెత్త తింటుంది. బొద్దింక ఎంగిలి తింటుంది. నల్లి తినేది ఒక్కటే, రక్తం. అద్దంలా తుడిచిన ఇంట్లోని మనిషికీ రక్తం ఉంటుంది. మనం వదిలే బొగ్గుపులుసు వాయువు, మన ఒంటి వేడి, వాసన దానికి దారి చూపుతాయి. గచ్చు మీద దుమ్ము ఉందా లేదా అన్నది దానికి అక్కరలేదు. అయితే సామాను గుట్టలుగా పడి ఉంటే దానికి దాక్కునే చోట్లు పెరుగుతాయి, మనకు వెతకడం కష్టమవుతుంది. నిజమున్నది అంతవరకే.

2023 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పారిస్ నగరంలో నల్లుల గురించి పెద్ద గగ్గోలు పుట్టింది. అదే సంవత్సరం ఫ్రాన్సు ప్రభుత్వ ఆరోగ్య భద్రతా సంస్థ వెలువరించిన నివేదిక ప్రకారం 2017 నుంచి 2022 లోపల ఆ దేశంలో ప్రతి పది కుటుంబాల్లో ఒకదానికి పైగా నల్లుల బారిన పడ్డాయి. అది సంపన్న దేశం. పేదలకూ ధనికులకూ తేడా ఎక్కడంటే, వదిలించుకోవడంలో. ఉన్నవాడు కొత్త పరుపు కొంటాడు, మనుషుల్ని పిలిపించి మందు కొట్టిస్తాడు. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంటివాళ్లు ఆ పని చేయలేరు. అది వాళ్ల మురికి కాదు, వాళ్ల ఇబ్బంది.

నల్లి మన ఇంటికి పెట్టెలో వస్తుంది, సంచిలో వస్తుంది, పాత కుర్చీతో వస్తుంది, బస్సు సీటు నుంచి వస్తుంది. వెనకటి రోజుల్లో రెండో ఆట సినిమాకు వెళ్లినవాళ్లు తెరమీద కథానాయకుడి కష్టాలకంటే తమ కుర్చీలోని కష్టాలకే ఎక్కువ కన్నీళ్లు పెట్టేవారు. దేవుళ్లు కొండల మీదా పాము మీదా పడుకోవడానికి కారణం నల్లుల బాధేనని మన తెలుగు కవి ఒకాయన ఏనాడో చమత్కరించాడు. ఆ కవి సిగ్గుపడలేదు. నలుగురిలో చెప్పి నవ్వించాడు. మనమే దాన్ని రహస్యం చేసుకున్నాం.

దాచితే ఏమవుతుంది?

రహస్యం వల్ల రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది, నల్లులు పెరుగుతాయి. వరుస ఇళ్లలోనూ అపార్టుమెంట్లలోనూ గోడ పగుళ్ల ద్వారా, గొట్టాల పక్క సందుల ద్వారా అవి ఒక ఇంటి నుంచి మరో ఇంటికి నడిచిపోతాయి. ఒక ఇంట్లో చంపుతుంటే పక్కింట్లో పెరుగుతుంటాయి. తిండి లేకపోయినా నెలల తరబడి బతికే జీవి అది. రెండిళ్లవాళ్లూ ఒకరితో ఒకరు చెప్పుకుంటే తప్ప ఆ యుద్ధం ముగియదు.

రెండోది మరీ ప్రమాదం. ఎవరికీ తెలియకుండా రాత్రికి రాత్రే వదిలించుకోవాలని తొందరపడి, కొందరు పొలానికి కొట్టే పురుగుమందును పరుపు మీద కొడతారు. కొందరు కిరసనాయిలు పోస్తారు. ధాన్యం నిల్వల్లో పెట్టే బిళ్లలను గదిలో పెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ బిళ్లలు గాలిలోని తేమ తగిలి ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతాయి. ఆ వాయువుకు నల్లి, మనిషి అనే తేడా లేదు. మన దేశంలో ఇళ్లలో ఆ బిళ్లలు పెట్టుకుని ప్రాణాలు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. ఏ రోగమూ తేని పురుగు కోసం ఇంత మూల్యమా?

పైగా నల్లి విషానికి అలవాటు పడే జాతి. డి.డి.టి.కి పురుగులను చంపే గుణముందని 1939లో కనుగొన్న పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి వచ్చింది. నల్లుల పని అయిపోయిందని లోకం సంతోషించింది. కాని ఆ బహుమతికి ముందే, 1947లో, హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్‌లో డి.డి.టి.కి చావని నల్లులు కనిపించాయి. ఇది మాయ కాదు. ఒక మంచంలో వెయ్యి నల్లులున్నాయనుకోండి. వాటిలో ఏ రెండింటికో పుట్టుకతోనే ఆ విషాన్ని తట్టుకునే శక్తి ఉందనుకోండి. మందు కొట్టగానే మిగతావి చస్తాయి. ఆ రెండే మిగిలి పిల్లల్ని పెడతాయి. పిల్లలకూ ఆ శక్తి వస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆ మంచం నిండా మందుకు చావని నల్లులే ఉంటాయి. ఈనాడు దుకాణాల్లో దొరికే చాలా మందుల విషయంలోనూ ఇదే జరిగింది.

మరేం చేయాలి?

విషానికి అలవాటు పడిన నల్లి కూడా వేడిని తట్టుకోలేదు. 50 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే పెద్ద నల్లులు త్వరగా చస్తాయి. 55 డిగ్రీలు తగిలితే గుడ్లు కూడా బతకవు. మన అమ్మమ్మలు వేసవిలో మంచాన్ని ఎండలో వేసి, కోళ్లను నేలకేసి దులిపి, సందుల్లో మరిగే నీళ్లు పోసేవారు. వాళ్లు ఉష్ణమాపకం చూడలేదు గాని, చేసిన పని సరైనదే. ఒక్క చిన్న సవరణ చాలు. ఎండ ఒక వైపే తగిలితే నల్లి రెండో వైపు నీడలోకి నడిచిపోతుంది. దళసరి పరుపు పైన కాలినా లోపల చల్లగా ఉంటుంది. అందుచేత తిప్పి తిప్పి ఎండబెట్టాలి, రాలినవాటిని చంపాలి. దుప్పట్లు, గలేబులు బాగా వేడి నీళ్లలో ఉడకబెట్టాలి. కుట్ల మీద ఇస్త్రీపెట్టె నడిపించాలి. గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చాలి. మరిగే నీళ్ల పని మాత్రం పెద్దలదే, మీరు చేయకండి.

ఒక్కసారితో అయిపోయిందనుకోకండి. ఆ రోజు తప్పించుకున్న గుడ్లు వారం పది రోజుల్లో పగులుతాయి. అందుకే పది పన్నెండు రోజులకోసారి, రెండు మూడుసార్లు మళ్లీ అదే పని చేయాలి. అప్పటికీ తగ్గకపోతే, మందు కొట్టడంలో శిక్షణ పొందినవారిని పిలవాలి.

ఇక హాస్టళ్ల మాట. నెలకొక ఆదివారం ప్రతి హాస్టల్లోనూ మంచాల పరీక్ష జరగాలని నా సూచన. దీన్ని సైన్సు క్లబ్బు విద్యార్థులే నడపవచ్చు. ఒక టార్చిలైటు, ఒక భూతద్దం, ఒక నోటుపుస్తకం చాలు. నాలుగు గుర్తుల్లో ఏది కనిపించినా పుస్తకంలో రాయండి. అయితే మంచం నంబరు రాయండి, ఆ మంచం మీద పడుకునేవాడి పేరు రాయకండి. పేరు రాస్తే రేపటినుంచి ఎవడూ తన మంచం చూపించడు. నంబరు రాస్తే అందరూ చూపిస్తారు.

మా గదిలో ఆనాడు మేము సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చేశాం. పేరు ముందు రాసుకున్నాం, మంచం తరువాత చూశాం. వచ్చే ఆదివారం మీరు మొదట మీ సొంత మంచమే బయటికి మోసి చూడండి. ఏమైనా కనిపిస్తే ఇంట్లోనూ పక్కింట్లోనూ ధైర్యంగా చెప్పండి.